హైస్కూలు విద్యార్థులకు తొలినాటి అమెరికా చరిత్ర, ప్రభుత్వము: సంఘకాపరుల దృష్టికి కొన్ని సంగతులు

టెక్సాస్ రాష్ట్రములో ఒక తెలుగు సంఘమును నడిపిస్తున్న కాపరి ఒకరు ఆ మధ్య మాకు ఉత్తరము రాశారు. ఆయన మా పూర్వ విద్యార్థి. జూలై నాలుగవ తేదీకి ముందు వచ్చిన ఆదివారమున ప్రసంగిస్తూ ఆయన, అమెరికా క్రైస్తవ దేశముగానే స్థాపించబడిందనీ, దాని రాజ్యాంగము బైబిలు మీదనే కట్టబడిందనీ, అందుకే దేవుడు ఆ దేశమును ఆశీర్వదించాడనీ చెప్పారట. ఆరాధన ముగిశాక హైస్కూలులో చదువుతున్న ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి, "పాస్టర్ అంకుల్, రాజ్యాంగంలో దేవుని పేరు ఎక్కడ ఉంది? గవర్నమెంట్ క్లాసులో మాతో మొత్తం చదివించారు, నాకు కనబడలేదు" అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. "ఇంటికెళ్ళి చూసి చెబుతానమ్మా" అన్నారు ఈయన. చూశారు. ఆయనకూ కనబడలేదు. ఆ పిల్లకు ఇప్పుడు ఏమని చెప్పాలన్నది ఆయన ప్రశ్న.

మేము రాయబోయిన జవాబు ఉత్తరములో ఇమడలేదు. పెరిగి ఈ వ్యాసమైంది. అమెరికాలోని మన కాపరులకే కాక ఇక్కడ సెమినరీలో చదువుతున్నవారికి కూడా ఇది అవసరమని మా అభిప్రాయము. ఎందుకంటే ఆ కాపరి చెప్పిన మాట ఆయన సొంత మాట కాదు. మన కన్వెన్షన్లలో, ఉజ్జీవ కూటములలో ఎన్నోసార్లు విన్న మాటే. విని ఆమేన్ అన్నవారిలో మేమూ ఉన్నాము.

తరగతి గదిలో జరిగేది

మొదట ఆ పిల్లలు ఏమి చదువుతారో తెలుసుకోవాలి. అమెరికాలో పాఠ్యాంశములను నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వము కాదు, రాష్ట్రములు. టెక్సాస్‌లో ఎనిమిదవ తరగతి పిల్లలు వలసల కాలము నుండి 1877 వరకు చదువుతారు. హైస్కూలు చరిత్ర ఆ తరువాతి కాలముతో మొదలవుతుంది. అంటే ప్యూరిటనుల గురించి, రాజ్యాంగ రచన గురించి పిల్లవాడు పదమూడేళ్ళ వయస్సులో వింటాడు. మళ్ళీ పదిహేడేళ్ళకు ప్రభుత్వ పాఠములో అవే పత్రములు ఎదురవుతాయి. ఈ రెంటి మధ్య నాలుగేళ్ళ ఖాళీ. ఆ ఖాళీలోనే యూత్ మీటింగులు, సమ్మర్ క్యాంపులు, ఇంటర్నెట్ వీడియోలు వచ్చి కూర్చుంటాయి. 2022లో జరిగిన జాతీయ పరీక్షలో ఎనిమిదవ తరగతి పిల్లలలో దేశ చరిత్రలో ప్రావీణ్యము చూపినవారు 13 శాతమే. పౌరశాస్త్రములో 22 శాతము.

కళాశాల స్థాయిలో చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ప్రభుత్వ పాఠమును మన తెలుగు పిల్లలు చాలామంది తీసుకుంటారు. 2018లో మార్చిన ఆ పాఠ్యప్రణాళికలో తొమ్మిది మూల పత్రములు తప్పనిసరి. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగము, ఫెడరలిస్టు వ్యాసములలో నాలుగు, వాటికి ఎదురుగా నిలిచిన బ్రూటస్ వ్యాసము ఒకటి, ఇలా సాగి ఆ జాబితా 1963లో ఒక బాప్టిస్టు కాపరి జైలు నుండి రాసిన ఉత్తరముతో ముగుస్తుంది. బర్మింగ్‌హామ్ జైలు నుండి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఆ ఉత్తరమును అందుకోవలసినవారు ఎనిమిదిమంది మతనాయకులు. మన సంఘములో పిల్లలు ప్రభుత్వ పాఠశాలలో ఒక కాపరి ఉత్తరమును పరీక్ష కోసము చదువుతున్నారు, మనము మాత్రము ఆ పాఠశాల దేవుని బయటికి వెళ్ళగొట్టిందని ప్రసంగిస్తున్నాము!

ఇందులో కొంత స్పష్టత అవసరము. 1962, 1963 సంవత్సరములలో సుప్రీం కోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ప్రభుత్వ పాఠశాలలు నడిపించే ప్రార్థనను, భక్తి కొరకైన బైబిలు పఠనమును ఆపాయి. కాని 1963 నాటి తీర్పే, సాహిత్యముగా, చరిత్రగా బైబిలును చదివించవచ్చుననీ, మతముల చరిత్ర తెలియనిదే విద్య పూర్తి కాదని చెప్పవచ్చుననీ కూడా అన్నది. ఈ రెండవ సగమును ఎవరూ ఎత్తరు.

ఒక దేశము, అనేక ఆరంభములు

అమెరికా క్రైస్తవ దేశముగా స్థాపించబడిందా అన్న ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉంది. ఏ స్థాపన గురించి మాట్లాడుతున్నాము? 1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌనా, 1620లో ప్లిమతా, 1787లో ఫిలడెల్ఫియానా? 1620కి, 1787కి మధ్య 167 సంవత్సరములు. ఈ రెంటిని ఒకే రోజు జరిగినట్లుగా కలిపి చెప్పడము వలననే చిక్కంతా వస్తుంది.

ప్లిమత్ సంగతి పిల్లలకు ఇష్టముగా చెప్పవచ్చు. మేఫ్లవర్ ఓడలో సుమారు 102 మంది ప్రయాణికులు. వారిలో సగము కంటే తక్కువమందే లైడెన్ నగరము నుండి వచ్చిన సంఘస్థులు. మిగిలినవారు బ్రతుకుతెరువు కోసము ఎక్కినవారు. ఓడ అనుకున్న చోటికి కాక మరింత ఉత్తరముగా చేరింది. అక్కడ తమ అనుమతి పత్రము చెల్లదు గనుక తమ మీద ఎవరికీ అధికారము లేదని కొందరు గొణిగారు. ఆ గొణుగుడు ముదరకుండా 41 మంది పురుషులు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశారు. అది దేవుని పేరుతోనే మొదలవుతుంది, క్రైస్తవ విశ్వాస వ్యాప్తిని తమ ఉద్దేశములలో ఒకటిగా చెబుతుంది. కాని అది ఒక సంఘపు నిబంధన కాదు. విశ్వాసులు, విశ్వాసులు కానివారు కలిసి బ్రతకడానికి చేసుకున్న రాజకీయ ఒప్పందము. ఆ మొదటి శీతాకాలములో వారిలో దాదాపు సగముమంది చనిపోయారు.

వర్జీనియా ఆరంభము మన ప్రసంగములలోకి రాదు. 1619 జూలై 30న అమెరికాలోని ఆంగ్లేయుల మొట్టమొదటి ప్రజాప్రతినిధుల సభ జేమ్స్‌టౌన్‌లో కూడింది. ఎక్కడ? చర్చి భవనములో, గాయకబృందము కూర్చునే చోట. మండుటెండలలో కొద్ది రోజులపాటు జరిగిన ఆ సభ ప్రార్థనతో మొదలైంది. ఆదివారమున అందరూ ఆరాధనకు రావాలని శాసించింది. నాలుగు వారములు దాటిందో లేదో, ఆగస్టు చివరిలో ఒక ఓడ దగ్గరలోని పాయింట్ కంఫర్ట్‌కు వచ్చింది. అందులో బందీలుగా ఉన్న 20 మందికి పైగా ఆఫ్రికనులను ఆహార పదార్థముల కోసము మారకము చేశారు. ప్రజాప్రతినిధుల సభ, ప్రార్థన, మనుష్యుల అమ్మకము: ఈ మూడూ ఒకే వేసవిలో, ఒకే వలసలో. పాఠము చెప్పేవారు ఒకదానిని చెప్పి మరొకదానిని దాచితే పిల్లవాడు దాచినదానిని ఎక్కడో తెలుసుకుంటాడు. తెలుసుకున్న రోజున చెప్పినదానిని కూడా నమ్మడు.

వెలివేసిన భక్తులు

మసాచుసెట్స్ ప్యూరిటనులను మేము తేలికగా తీసివేయము. 1636లో హార్వర్డ్ కళాశాల స్థాపించారు. 1647లో చేసిన చట్టములో, 50 కుటుంబములున్న ప్రతి ఊరిలో చదువు చెప్పేవానిని పెట్టాలనీ, 100 కుటుంబములుంటే గ్రామర్ స్కూలు నడపాలనీ ఆజ్ఞాపించారు. లేఖనములు తెలియకుండా చేయడమే సాతాను పన్నాగమని, దానిని ఎదుర్కోవడానికే ఈ బడులని ఆ చట్టములోనే కారణము చెప్పారు. అమెరికా ప్రభుత్వ పాఠశాల మూలమును వెదికేవారు అక్కడికే వెళతారు.

అయితే తమ మనస్సాక్షి కోసము సముద్రము దాటినవారు ఇతరుల మనస్సాక్షికి చోటు ఇవ్వలేదు. రోజర్ విలియమ్స్ అనే బోధకుడు, పది ఆజ్ఞలలో దేవునికి సంబంధించిన మొదటి పలకను అమలుచేసే అధికారము న్యాయాధికారికి లేదన్నాడు. స్థానిక జాతుల భూమిని వారికి వెల ఇవ్వకుండా రాజు పత్రము మీద తీసుకోవడము తప్పన్నాడు. 1635లో బహిష్కరించారు. 1636 శీతాకాలములో మంచులో నడిచి వెళ్ళి, నారగాన్సెట్ ప్రజల దయ వలన బ్రతికి, ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. 1638లో అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము అక్కడే ఏర్పడింది. విలియమ్స్ ఆ ప్రజల భాష నేర్చుకుని 1643లో దాని గురించి పుస్తకము ప్రచురించాడు.

1651లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టు, మరి ఇద్దరితో కలిసి లిన్ అనే ఊరిలో ముసలివాడైన ఒక గ్రుడ్డి సహోదరుని పరామర్శించడానికి వెళ్ళి, ఆ ఇంటిలో వాక్యము చెప్పినందుకు పట్టుబడ్డాడు. జరిమానా కడతామని స్నేహితులు ముందుకు వచ్చినా వద్దన్నాడు. బోస్టన్ వీధిలో 30 కొరడా దెబ్బలు తిన్నాడు. 1660లో మేరీ డయర్ అనే క్వేకరు స్త్రీని బోస్టన్‌లో ఉరితీశారు. గృహకూటములో వాక్యము చెప్పినందుకు దెబ్బలు తినడము అంటే ఏమిటో మన పాఠకులలో కొందరికి మేము వివరించనక్కరలేదు. తేడా ఏమిటంటే, ఇక్కడ కొట్టించినవారు క్రైస్తవులే, బైబిలు చేతబట్టుకున్నవారే.

ఇంకొక సంగతి చెప్పడము మాకు బాధాకరము. జాన్ ఎలియట్ స్థానికుల మసాచుసెట్ భాషలోకి బైబిలును అనువదించాడు. 1661లో క్రొత్త నిబంధన, 1663లో పూర్తి బైబిలు వెలువడ్డాయి. అమెరికా గడ్డ మీద అచ్చయిన మొట్టమొదటి బైబిలు ఇంగ్లీషులో కాదు, ఆ స్థానిక భాషలో. విశ్వసించినవారి కొరకు 14 గ్రామములు ఏర్పడ్డాయి. 1675లో వలసవారికి, స్థానిక జాతులకు యుద్ధము వచ్చినప్పుడు ఆ విశ్వాసులనే అనుమానించి, వందలమందిని బోస్టన్ రేవులోని డీర్ ద్వీపములో పెట్టారు. చలికి, ఆకలికి చాలామంది చనిపోయారు. అచ్చయిన బైబిళ్ళలో అధిక భాగము ఆ యుద్ధములో నాశనమైంది. ఎలియట్ మళ్ళీ కూర్చుని 1685లో రెండవ ముద్రణ తెచ్చాడు. మిషనరీ చరిత్ర చెప్పేటప్పుడు 1663 దగ్గర ఆగిపోయే అలవాటు మనకు ఉంది.

జైలు కిటికీ నుండి రాజ్యాంగము వరకు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు దగ్గరగా వస్తున్నాము. వర్జీనియాలో ఆంగ్లికన్ సంఘమే రాజ్యసంఘము. 1760, 1770 దశకములలో అనుమతి లేకుండా ప్రసంగించిన బాప్టిస్టులను జైళ్ళలో వేశారు. 1774 జనవరిలో జేమ్స్ మాడిసన్ అనే యువకుడు తన స్నేహితునికి రాసిన ఉత్తరములో, పొరుగు కౌంటీ జైలులో తమ మతాభిప్రాయములను ప్రకటించినందుకు ఐదారుగురు మంచివారు మ్రగ్గుతున్నారని కోపముగా రాశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. తరువాత రాజ్యాంగ రూపశిల్పిగా పేరు పొందినవాడు ఇతడే.

1776లో వర్జీనియా హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు ముసాయిదాలో మతము విషయమై 'సహనము' అన్న మాట ఉంది. మాడిసన్ దానిని మార్పించి, మతమును స్వేచ్ఛగా ఆచరించే హక్కు అందరికీ సమానమని పెట్టించాడు. చిన్న మార్పుగా కనబడుతుంది కాని ఇదే కీలకము. సహించడము అంటే పైవాడు క్రిందవాని మీద చూపే దయ. హక్కు ఎవరి దయ మీదా ఆధారపడదు. 1790లో ప్రెసిడెంటు వాషింగ్టన్ న్యూపోర్టులోని యూదులకు రాసిన ఉత్తరములో కూడా ఇదే భావమున్నది. ప్రభుత్వ పాఠము చెప్పేవారు ఈ ఒక్క మాట మార్పు మీద ఒక పీరియడు ఖర్చుపెట్టినా నష్టము లేదు.

1784లో ప్యాట్రిక్ హెన్రీ ఒక బిల్లు సమర్థించాడు. క్రైస్తవ బోధకుల పోషణ కొరకు అందరూ పన్ను కట్టాలి, ఎవరి పన్ను ఏ సంఘమునకు వెళ్ళాలో వారే చెప్పవచ్చు. మన కాపరులలో చాలామంది దీనికి ఓటు వేసి ఉండేవారని మా అనుమానము. ఆ బిల్లును ఓడించినవారు నాస్తికులు కాదు. మాడిసన్ 1785లో రాసిన విజ్ఞాపనతో పాటు బాప్టిస్టులు, ప్రెస్బిటేరియనులు కుప్పలుగా పంపిన వినతిపత్రములు దానిని ఓడించాయి. క్రీస్తు సంఘమునకు ప్రభుత్వపు డబ్బు అక్కరలేదన్నది బాప్టిస్టుల వాదన. 1786 జనవరిలో, జెఫర్సన్ ఏనాడో రాసిపెట్టిన మతస్వాతంత్ర్య చట్టము అదే శాసనసభలో నెగ్గింది. ఆ చర్చలో యేసుక్రీస్తు పేరును పీఠికలో చేర్చాలని కొందరు కోరితే సభ ఒప్పుకోలేదు. యూదుడు, మహమ్మదీయుడు, హిందువు కూడా ఈ రక్షణ క్రిందికి వస్తారన్నదే దాని అర్థమని జెఫర్సన్ తరువాత తన ఆత్మకథలో రాశాడు. హిందువులను పేరెత్తి మరీ రాశాడన్నది గమనించాలి.

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు పాల్గొన్న సభలో రాజ్యాంగము రూపొందింది. 39 మంది సంతకాలు చేశారు. జూన్ 28న వృద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రోజూ ప్రార్థనతో సభ మొదలుపెడదామని ప్రతిపాదించాడు. మన ప్రసంగములలో ఈ సంఘటన తరచుగా వినబడుతుంది, సభ మోకరించినట్లు కూడా! వాస్తవమేమంటే ఆ ప్రతిపాదన ఓటుకే రాలేదు. ముగ్గురు నలుగురు తప్ప మిగిలినవారు ప్రార్థన అనవసరమనుకున్నారని ఫ్రాంక్లినే తన కాగితము మీద రాసుకున్నాడు. మన దేశములోనూ దాదాపు ఇలాంటిదే జరిగింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను దేవుని పేరుతో మొదలుపెట్టాలన్నారు. ఓటు జరిగింది, 41కి 68తో వీగిపోయింది. ఆ 68 మందిలో భక్తిపరులు లేరని ఎవరూ అనరు.

కనుక ఆ అమ్మాయి చెప్పినది నిజమే. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో సృష్టికర్త ప్రస్తావన ఉంది, క్రీస్తు ప్రస్తావన లేదు. రాజ్యాంగములో తేదీ వేసేటప్పుడు వాడే 'మన ప్రభువు సంవత్సరము' అన్న వాడుక, ప్రెసిడెంటుకిచ్చిన పది రోజుల గడువులో ఆదివారమును లెక్కించకపోవడము తప్ప మరేమీ లేదు. పైగా ఆరవ అధికరణము ఏ పదవికీ మతపరీక్ష పెట్టకూడదని శాసించింది. మరచిపోయి వదిలివేశారనడానికి వీలులేదు. అప్పటికి పెన్సిల్వేనియా రాష్ట్రములో శాసనసభ్యుడు పాత, క్రొత్త నిబంధనలు దైవప్రేరితములని ఒప్పుకోవాలి. డెలావేరులో త్రిత్వమును ఒప్పుకోవాలి. ఆ నమూనాలు కళ్ళెదుట ఉండగానే వద్దనుకున్నారు.

ఇంతమాత్రము చేత క్రైస్తవ విశ్వాసమునకు ఆ రాజ్యాంగముతో సంబంధము లేదని కూడా చెప్పలేము. మాడిసన్‌కు ప్రిన్స్‌టన్‌లో చదువు చెప్పినది జాన్ విథర్‌స్పూన్. స్కాట్లండు నుండి వచ్చిన ప్రెస్బిటేరియన్ బోధకుడు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకము చేసినవారిలో సేవలో ఉన్న ఏకైక పాదిరి. డిగ్రీ అయిన తరువాత కూడా మాడిసన్ ఆగి ఆయన వద్ద హెబ్రీ నేర్చుకున్నాడు. మనుష్యుడు పతనమైనవాడు, ఎంత మంచివానికైనా అడ్డులేని అధికారము ఇవ్వరాదు అన్న కాల్విను బోధ ఆ తరగతి గాలిలోనే ఉంది. ఫెడరలిస్టు 51వ వ్యాసములో మాడిసన్, మనుష్యులు దేవదూతలైతే ప్రభుత్వమే అవసరముండదని వాదించి, ఒక శాఖకు మరొక శాఖను కాపలా పెట్టాలన్నాడు. మాంటెస్క్యూ ప్రభావము కూడా ఇక్కడ ఉన్నది. వేదాంతము నుండి మాత్రమే వచ్చిందంటే అతిశయోక్తి. అయినా కాంగ్రెసు, ప్రెసిడెంటు, కోర్టు అనే మూడు శాఖలను పిల్లలు బట్టీపట్టేటప్పుడు, ఎందుకు మూడు అని అడిగితే, ఆదికాండము 3వ అధ్యాయము చదివిన పిల్లవాడికి జవాబు సులభముగా అందుతుంది.

మాడిసన్ కాంగ్రెసుకు పోటీచేసినప్పుడు 1789 జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకునికి ఉత్తరము రాసి, మనస్సాక్షి హక్కును కాపాడే సవరణలకు తాను అనుకూలమని తెలియజేశాడు. గెలిచాడు. మాట నిలబెట్టుకున్నాడు. 1791 డిసెంబరు 15న మొదటి సవరణ అమలులోకి వచ్చింది. అది కేంద్ర ప్రభుత్వమునే కట్టడి చేసింది. రాష్ట్రములలో రాజ్యసంఘములు ఇంకా ఉన్నాయి. కనెక్టికట్‌లో 1818 వరకు, మసాచుసెట్స్‌లో 1833 వరకు.

ఆ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టు సంఘముల వారు, తమ స్వేచ్ఛ హక్కుగా కాక దానముగా ఉన్నదని 1801లో ప్రెసిడెంటు జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నారు. 1802 జనవరి 1న జెఫర్సన్ రాసిన జవాబులోనిదే సంఘమునకు, రాజ్యమునకు మధ్య గోడ అన్న ప్రసిద్ధ ఉపమానము. అదే రోజున మసాచుసెట్స్‌లోని చెషైర్ నుండి జాన్ లీలండ్ అనే బాప్టిస్టు కాపరి 1,235 పౌన్ల బరువున్న జున్నుముద్దను ఆయనకు కానుకగా తెచ్చి ఇచ్చాడు. రెండు రోజుల తరువాత ఆదివారము ప్రతినిధుల సభ భవనములోనే లీలండ్ ప్రసంగించాడు. గోడ గురించి రాసిన జెఫర్సన్ వెళ్ళి కూర్చుని విన్నాడు. గోడ దేవుని బయట ఉంచడానికి కట్టారని ఒక పక్షము, అసలు గోడే లేదని ఇంకొక పక్షము నేడు వాదిస్తున్నాయి. ఆ మూడు రోజుల కథ తెలిసిన విద్యార్థి రెండు పక్షములనూ కొంచెము అనుమానముతో చూస్తాడు.

గోడ మరుగున

మేము బాప్టిస్టులను ఇంతగా పొగడి ఇక్కడ ఆపితే మేము కూడా ఒక పురాణము రాసినట్లే. పురాణములకు అక్కడ కొదవ లేదు. వాషింగ్టన్ చెర్రీ చెట్టు కథ మేసన్ వీమ్స్ అనే పాదిరి తన పుస్తకపు ఐదవ ముద్రణలో, 1806లో చేర్చినది. అబద్ధమాడరాదని నేర్పడానికి అల్లిన కథకు ఆధారము లేకపోవడము చిత్రమే.

లీలండ్ వర్జీనియాలో ఉన్నప్పుడు అక్కడి బాప్టిస్టుల జనరల్ కమిటీ, ఆయన ప్రేరణతో, దాసత్వము ప్రకృతి సిద్ధమైన హక్కులను బలాత్కారముగా హరించడమేనని 1790లో తీర్మానించింది. సంఘములు తిరగబడ్డాయి. దాసులను కలిగినవారు సభ్యులలో ఎక్కువ. కొన్నేళ్ళకే ఆ కమిటీ, ఇది శాసనసభ చూసుకోవలసిన విషయమని పక్కన పెట్టేసింది. మనస్సాక్షిని కాపాడడానికి కోరిన గోడనే మనస్సాక్షిని దాచుకోవడానికి వాడుకున్నారు. రాజ్యాంగము కూడా దాసుల సంఖ్యలో ఐదింట మూడు వంతులను ప్రాతినిధ్యమునకు లెక్కించింది. దాసుల దిగుమతిని 1808 వరకు నిషేధించకుండా కాంగ్రెసు చేతులు కట్టింది. పారిపోయిన దాసుని యజమానికి అప్పగించాలన్నది. 'దాసుడు' అన్న మాట మాత్రము ఎక్కడా వాడలేదు. సిగ్గు ఉన్నదన్నమాట. అదే ఫిలడెల్ఫియాలో, సభ కూడడానికి ఒక నెల ముందు, రిచర్డ్ ఆలెన్, అబ్సలోము జోన్స్ అనే ఇద్దరు నల్లజాతి విశ్వాసులు స్వతంత్ర ఆఫ్రికనుల పరస్పర సహాయ సంఘమును స్థాపించారు. ఆ ఊరిలో ఆ వేసవిలో స్వాతంత్ర్యము గురించి ఎవరు బాగా ఎరిగినవారో చెప్పడము కష్టము.

ఈ విషయము మన ఇంటికి కూడా తగులుతుంది. దాసులను కలిగినవారిని మిషనరీలుగా పంపవచ్చునా అన్న ప్రశ్న మీద 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. నెల్లూరులో 1840 నుండి ఉన్న శామ్యూల్ డే గారి మిషను ఉత్తరాది వారి వద్ద మిగిలింది. డబ్బు చాలక దానిని మూసివేయాలన్న చర్చ పదే పదే వచ్చింది. 1853లో ఆల్బనీ నగరములో ఆ చర్చ జరిగినప్పుడు తెలుగు మిషనును ఒంటరి నక్షత్రముగా వర్ణిస్తూ పద్యము రాసి సభ మనసు మార్చినవారు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. అమెరికా బడి పిల్లలు తరతరాలుగా పాడుతున్న 'అమెరికా' అనే దేశభక్తి గీతమును 1831లో రాసినది కూడా ఆయనే. ఒంగోలులో క్లౌ దొరగారి కాలములో 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మము పొందారంటే, వెనుక ఆ పద్యము కూడా ఉంది. మన టెక్సాస్ పిల్లలకు ఈ సంగతి చెబితే ఆ పాట వాళ్ళకు వేరుగా వినబడుతుందని మా నమ్మకము.

ఎలా బోధించాలి అని అడిగేవారికి మా సలహా క్లుప్తము. పత్రమును పిల్లల చేతిలో పెట్టండి, రెండింటిని పక్కపక్కన పెట్టండి. మేఫ్లవర్ ఒడంబడికను ఆరవ అధికరణముతో, హెన్రీ బిల్లును మాడిసన్ విజ్ఞాపనతో, 1790 తీర్మానమును కింగ్ జైలు ఉత్తరముతో. ఎవరు రాశారు, ఎవరికి, ఏ భయముతో అని అడగండి. నమ్మకముతో చెప్పవలసిన చోట వేదిక మీద నుండి చెప్పండి, తెలియని చోట చూసి చెబుతాననండి. ఆ కాపరి చేసినది అదే, అందుకు మేము ఆయనను మెచ్చుకుంటున్నాము.

పాఠ్యపుస్తకముల మీద పోరాటము ఆగేది కాదు. టెక్సాస్ విద్యామండలి 2010లో ప్రభుత్వ పాఠములో స్థాపకులను ప్రభావితము చేసినవారిలో మోషే పేరు చేర్చింది. 2024లో లూసియానా, 2025లో టెక్సాస్ తరగతి గదులలో పది ఆజ్ఞల ప్రతిని ఉంచాలని చట్టములు చేసి కోర్టులకెక్కాయి. అక్కడి మన సహోదరులు కొందరు సంతోషించారు. వారిని మేము ఒక్కటే అడుగుతాము. అధిక సంఖ్యాకుల గ్రంథమును ప్రభుత్వము గోడకు తగిలించవచ్చునన్న నియమమును ఒప్పుకుంటే, మన ఊరి బడిలో చదివే మన సంఘపు పిల్లలకు అదే నియమము వర్తించినప్పుడు ఏ వాదనతో ఎదుర్కొంటారు? హోమ్స్ వీపు మీద పడిన దెబ్బలను చూచినవారు ఆ ప్రశ్నను దాటి వెళ్ళలేరు.

మా జవాబు అందిన కొన్ని వారములకు ఆ కాపరి నుండి మరల ఉత్తరము వచ్చింది. ఆదివారము సాయంత్రము పదకొండుమంది పిల్లలను కూర్చోబెట్టి, తన ప్రసంగములో పొరబడ్డానని మొదట చెప్పి, ఆరవ అధికరణమును, డాన్‌బరీ వారి ఉత్తరమును, దానికి జెఫర్సన్ జవాబును చదివించారట. తల్లిదండ్రులలో ఒకరిద్దరికి అది నచ్చలేదని రాశారు. ఆ అమ్మాయి మాత్రము, తీర్మానమును పక్కన పెట్టిన కమిటీలో ఎవరెవరు ఉన్నారు, వారు ఆ తరువాతి ఆదివారము ఏ వాక్యము మీద ప్రసంగించారు అని అడిగిందట. ఆయన మళ్ళీ, చూసి చెబుతానమ్మా అన్నారు.